చక్రాల ఇంటికి తాండూరులో క్యారియర్

తాండూరు బజారులో మా బండిని చూడ్డానికి జనం విరగబడ్డారు. అటు బస్సులు, ఇటు బండల లారీలు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. ఒకాయన దుకాణం వదిలి వచ్చి నా చేయి పట్టుకుని, "పెద్దమనిషీ, ఇట్లాంటిది మా ఊళ్ళ ఎన్నడు చూడలే" అన్నాడు. జీపు వెనక ఇల్లు తగిలించుకుని తిరిగే ముసలివాళ్ళు మా వికారాబాద్ చుట్టుపక్కల ఇంకెవరైనా ఉంటే చెప్పండి, వెళ్ళి దండం పెట్టి వస్తాను. ఆ ఇంటికి వెనక సామాన్ల క్యారియర్ కూడా వేయించినవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే. ఇలాంటి పని పెట్టుకునేవాళ్ళకు అక్కరకొస్తుందని ఈ రెండు రోజుల ప్రయాణం సంగతి రాస్తున్నాను.

ముందు ఇల్లు ఎలాంటిదో చెప్పాలి. రెండు చక్రాల మీద ఒక చిన్న గది. ఫైబర్ గోడలు, సన్నటి ఇనుప చట్రం, లోపల ఒక పడక, ఒక అర, ఒక కిటికీ. హైదరాబాద్‌లో ఒకాయన ముచ్చటపడి చేయించుకుని, ముచ్చట తీరాక నాకు అమ్మాడు. చాలా తేలిక. మా పాత జీపు దాన్ని లాగుతున్నట్టే ఉండదు. నేను పశువుల ఆసుపత్రిలో కాంపౌండర్‌గా చేసి రిటైరయ్యాను. అంతకుముందు, చిన్నతనంలో, మా నాయన గొర్ల మంద వెంట ఏడాదిలో సగం రోజులు కన్నడ దేశం దాకా నడిచాను. రాత్రికో ఊరు పొలిమేరలో పడుకునేవాళ్ళం. కాళ్ళు ఆ అలవాటు మరిచిపోలేదు గానీ మోకాళ్ళు ఒప్పుకోవడం లేదు. అందుకే ఈ చక్రాలు.

తిప్పలల్లా సామాన్లతోనే. పొయ్యి, సిలిండర్, నీళ్ళ క్యాన్లు, మడత కుర్చీలు, పట్టా, అదనపు టైరు, అన్నీ పడక మీదే. మా ఆవిడ నర్సమ్మ ఒక్కసారి అనంతగిరి దాకా వచ్చి, మళ్ళీ రానంది. నడుము నొప్పి మనిషి, కాళ్ళు చాపుకునే జాగా లేకపోతే ఎలా వస్తుందని నాకు నేనే చెప్పుకున్నాను. ఇంతలో పరిగి నుంచి టెంట్‌హౌస్ ఆయన ఒకడు రెండుసార్లు వచ్చి బండి చూసిపోయాడు. కొంటానన్నాడు. సామాన్లు వెనక్కి మార్చడానికి తాండూరులో క్యారియర్ వేయిస్తానని నర్సమ్మతో అన్నాను.

"ఈ ఒక్కపారి వస్త" అంది నర్సమ్మ. "తిరిగి ఇల్లు చేరేటాల్లకు నాకు మంచిగనిపిస్తె ఉంచుదాం. లేకుంటె పరిగాయనకు ఇచ్చేద్దాం."

ఆమె ఒక మాట రెండోసారి అనదు. నా తిరుగుళ్ళన్నీ ఆ క్యారియర్‌కే వేలాడుతున్నాయన్నమాట.

చలికాలం పొద్దున, ఏడు దాటాక బయల్దేరాం. ఇంట్లోనే ఉప్మా తిన్నాం. ఫ్లాస్కులో చాయ్ పోసుకున్నాం. అనంతగిరి గుట్టల్లో మంచు ఇంకా చెట్లను వదల్లేదు. ఆ మలుపుల్లో నేను బండి తిప్పిన తీరుకు ఒక లారీ డ్రైవరు కిందికి దిగి చూస్తుండిపోయాడు. అతన్ని దాటేసి పోయాను కూడా. నిజం చెప్పాలంటే అతని లారీ అప్పటికే టైరు పంక్చరై పక్కన ఆగి ఉంది. నర్సమ్మ మాత్రం తలుపు పైనున్న పిడిని పట్టిన చేయి పట్టినట్టే ఉంది.

"నడుము నొస్తున్నదా?" అని అడిగాను.

"నువ్వు ముంగటికి సూడు" అంది.

కోట్‌పల్లి మలుపు దగ్గర గొర్ల మంద అడ్డం వచ్చింది. కాపరి కర్ర ఊపి మమ్మల్ని ఆపాడు. తెల్లటి గది, పక్కన కిటికీ చూసి, "గొర్లకు సూదులేసే బండా, డాక్టర్ సాబ్?" అన్నాడు. కాదనడానికి నోరు రాలేదు. ఒక గొర్రె కుంటుతోంది. దిగి గిట్ట ఎత్తి చూస్తే సందులో తుమ్మముల్లు విరిగి ఉంది. తీసి, కడిగి, పసుపు అద్దాను. అతను తువాలు నిండా పచ్చి కందికాయలు పోసి ఇచ్చాడు.

బండి కదిలాక నర్సమ్మ అంది: "డాక్టర్ సాబ్ అంటె ఊకున్నవ్ గద."

"ముల్లు తియ్యనీకె కాంపౌండర్ చాలడా?"

"ముల్లుకు చాలుతడు. కందికాయలకు డాక్టర్ గావాలె" అంది. మొదటిసారి నవ్వింది, కానీ పిడి వదల్లేదు.

తొమ్మిదిన్నరకు తాండూరు. బండలు కోసే మిషన్ల మోత, గాలిలో తెల్లటి దుమ్ము, వరసగా లారీలు. సలీం షెడ్డు బజారు పక్క సందులో ఉంది. సలీం బండల లారీలకు బాడీలు కట్టే వెల్డర్. ఒకప్పుడు మా ఆసుపత్రికి పశువులను నిలబెట్టే ఇనుప చట్రం చేసిచ్చాడు, అప్పటి నుంచి నన్ను కాకా అంటాడు. ఆ సందులోకి వెనక్కి పోవాలి. ఇలాంటి బండిని వెనక్కి తోసేటప్పుడు స్టీరింగ్ కుడికి తిప్పితే ఇల్లు ఎడమకు పోతుంది. అది తెలిసే తిప్పాను. తెలిసీ జీపు ఒక దిక్కు, ఇల్లు ఒక దిక్కు చూస్తూ బజారుకు అడ్డంగా నిలబడ్డాయి.

మొదట్లో జనం విరగబడ్డారని రాశాను కదా. అది ఇప్పుడే. దుకాణం ఆయన నా చేయి పట్టుకున్నదీ నిజమే. అన్న మాట మాత్రం, "పెద్దమనిషీ, ఇట్లాంటి రివర్సు మా ఊళ్ళ ఎన్నడు చూడలే" అని. ఒక మాట తగ్గించి రాశాను.

బస్సు కోసం నిలబడ్డ కరణ్‌కోట సిమెంటు ఫ్యాక్టరీ కూలీలు నలుగురు వచ్చారు. జీపుకు తగిలించిన కొక్కెం విప్పి, ఇంటిని చేతులతో తోసి, సందులో పెట్టేశారు. అందులో ఒకతను, "ఐస్‌క్రీం బండా తాతా?" అని అడిగాడు. "ఇల్లు" అన్నాను. "మరి ఇంటామె జీపుల కూసున్నదేంది?" అన్నాడు. వాళ్ళకు చాయ్ తాగిద్దామనుకునేలోపే బస్సొచ్చింది. ఎక్కి పోయారు. వాళ్ళ పేర్లు తెలియవు, దండం మాత్రం ఇక్కడ పెట్టుకుంటున్నాను.

సలీం బండి కిందికి దూరి, చాలాసేపటికి బయటికొచ్చాడు.

"వెనక గోడకు తగిలియ్యమంటవా కాకా?"

"అదే కద."

"తగిలిస్త. క్యారియర్ ఊడినప్పుడు గోడ గూడ దానెంబడే వస్తది. పర్వాలేదా?"

చేసిన పని ఇది. గది కింద పొడుగునా రెండు ఇనుప కమ్మీలు ఉంటాయి, బరువంతా వాటిదే. వాటి పక్కన రెండు ఛానెళ్ళు, అంటే గాడి కమ్మీలు, కలిపి, లోపలి దాకా బోల్టులు బిగించి, వెనక్కి మూరెడు పొడుగు తెచ్చాడు. వాటి మీద జాలీ పలక, చుట్టూ బెత్తెడు అంచు. వెనక లైట్లు, నంబరు పలక సామాన్ల చాటుకు పోతాయని వాటిని క్యారియర్ అంచుకు మార్చి, వైర్లు పొడిగించాడు. ఇది మరిచిపోయేవాళ్ళు చాలామంది ఉంటారు, నేనూ మరిచిపోయాను. అదనపు టైరును మాత్రం వెనక పెట్టనివ్వలేదు. ముందు కొక్కెం దగ్గర బిగించాడు.

మధ్యాహ్నం సలీం ఇంటి నుంచి జొన్నరొట్టెలు, పుల్లటి కందిపప్పు వచ్చాయి. తాండూరు కందిపప్పు సంగతి నేను చెప్పక్కర్లేదు. నర్సమ్మ, సలీం వాళ్ళమ్మ మంచం మీద కూర్చుని మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడుకున్నారు, ఒకరు తెలుగులో, ఒకరు ఉర్దూలో. ఎవరికీ ఏమీ తక్కువ కాలేదు. రంగు ఆరాలన్నాడు సలీం. ఆ రాత్రి వాళ్ళ ఇంట్లోనే పడుకున్నాం.

మర్నాడు పొద్దున క్యారియర్ ఎక్కి నిలబడి చూశాను. కిర్రుమనలేదు.

"కాకా, దీని మీద కుర్చీలు, పట్టా, ఖాళీ క్యాన్లు. గంతే" అన్నాడు సలీం.

సరేనన్నాను. అనడమే. మా వైపు మనుషులు తాండూరు పోయి బండ తెచ్చుకోకుండా తిరిగి వస్తారా? మా ఇళ్ళలో నేలకు బండ, గోడకు బండ, నీళ్ళ కుండ కింద బండ, బట్టలుతికే చోట బండ. ఊరి చివర పాలిష్ మిషన్ దగ్గర కోతకు మిగిలిన నీలం బండలు పేర్చి ఉన్నాయి. నర్సమ్మకు నల్లా దగ్గర వేద్దామని ఒకటి తీసుకున్నాను. క్యారియర్ మీద పెడితే కొలిచి కోసినట్టు కూర్చుంది. అంత బాగా కూర్చున్నాక ఒక్కదాంతో ఎలా ఆపుతాం. దాని మీద ఇంకొకటి, దాని మీద మరొకటి.

"గంత బరువు ఎందుకు?" అంది నర్సమ్మ.

"సలీం వేసిన క్యారియర్. ఏనుగునెక్కించినా మోస్తది."

మోసింది. క్యారియర్‌ను ఒక్క మాట అనడానికి లేదు. ఊరు దాటి కొంచెం వేగం అందుకోగానే వెనక ఇల్లు ఊగడం మొదలైంది. గాలి అనుకున్నాను. ఎదురుగా బస్సు దూసుకుపోయింది. ఇల్లు ఒక్కసారి ఎడమకు విసిరి, కుడికి విసిరి, జీపు వెనక భాగాన్ని కూడా పట్టి ఊపింది. స్టీరింగ్ నా చేతుల్లో ఉంది గానీ బండి నా చేతుల్లో లేదు. బ్రేకు తొక్కకుండా కాలు తీసేశాను. ఊగి ఊగి, మట్టిలోకి దిగి ఆగింది.

నర్సమ్మ దిగి, రోడ్డు పక్క కల్వర్టు మీద కూర్చుంది. కొంగుతో ముఖం తుడుచుకుంది. తర్వాత అడిగింది:

"పరిగాయన నంబరు ఉన్నదా నీ ఫోన్ల?"

ఆమె తిట్టి ఉంటే బాగుండేది. సలీంకు ఫోన్ చేసి, ఒక బండ పెట్టానని, బండి ఊగుతోందని చెప్పాను. మోటార్‌సైకిల్ మీద వచ్చాడు. క్యారియర్ వైపు చూశాడు, నా వైపు చూశాడు.

"ఆ ఒక్క బండకు తొవ్వల పిల్లలు పుట్టినయా కాకా?"

బండి కొక్కెం విప్పి, ఇంటి ముందు కొసను ఒక్క చేత్తో పైకి లేపాడు. చిన్నపిల్లను ఎత్తినట్టు లేచింది. "సూడు. జీపు మీద జర్ర బరువు లేదు. అంతా వెనకకే గుంజుతున్నది. తోక ఆడియ్యక ఏం జేస్తది?"

అప్పుడు తట్టింది. మంద వెంట పోయేటప్పుడు మా సామానంతా గాడిద మీద ఉండేది. కట్టడం నా పనే. మూటలు నడుము దాటి తుంటి మీదికి జారితే గాడిద ఆగిపోయేది. ఎంత అదిలించినా కదిలేది కాదు. అన్నీ విప్పి మెడ వైపుకు కడితే నడిచేది. గాడిద ఆగి చెప్పేది, ఇల్లు ఊగి చెప్పింది. చక్రాలు వచ్చేసరికి నాకు బుద్ధి దిగిపోయింది.

ముగ్గురం కలిసి సర్దాం. బండలు లోపల పడక కిందికి, చక్రాలకు కాస్త ముందుకు. నీళ్ళు నింపిన క్యాన్లు, సిలిండర్ ఇంకా ముందుకు. కుర్చీలు, పట్టా, పొయ్యి, గిన్నెల సంచి వెనక క్యారియర్ మీదికి. ఈసారి కొక్కెం లేపడానికి సలీంకు రెండు చేతులూ కావాల్సి వచ్చాయి.

"ఇప్పుడు పో. కానీ నలభై దాటొద్దు. దాటితే క్యారియర్ నేను వేసిన అని ఎవ్వరికి చెప్పకు" అన్నాడు. పిలిచి పని మాన్పించినందుకు ఏమైనా ఇవ్వబోతే జేబు మూసుకున్నాడు. మా వెనకే కొంత దూరం వచ్చి, ఇల్లు ఊగడం లేదని చూసుకుని, చేయి ఊపి వెనక్కి తిరిగాడు.

నలభై మీద నడిపితే ఆ దారి వేరే దారిలా ఉంది. కంది చేలు కోతకు వచ్చి ఉన్నాయి. ట్రాక్టర్లు మమ్మల్ని దాటిపోయాయి. సైకిల్ మీద పోయే ఒక ముసలాయన కూడా దాటాడని రాద్దామనుకున్నాను, అది అబద్ధం, అతను మా పక్కపక్కనే వచ్చాడు. నర్సమ్మ ఆ కాపరి ఇచ్చిన కందికాయలు ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులతో వలుస్తూ, మధ్యమధ్య నాకు నాలుగు గింజలు అందించింది.

ఒంటిగంటకు కోట్‌పల్లి చెరువు పక్కన ఆపాం. క్యారియర్ మీంచి కుర్చీ, పొయ్యి దించడానికి లోపలికి పోవాల్సిన పని లేకపోయింది. మిగిలిన కందికాయలు ఉప్పేసి ఉడకబెట్టాం, సలీం వాళ్ళమ్మ కట్టిచ్చిన రొట్టెలతో తిన్నాం. తర్వాత నర్సమ్మ ఇంట్లోకి పోయింది. కిటికీలోంచి చూస్తే పడక మీద కాళ్ళు పూర్తిగా చాపి పడుకుని ఉంది. కాసేపటికి గురక.

నేను బయట కుర్చీలో కూర్చున్నాను. నీళ్ళ మీద పడవలు నడుపుతూ పట్నం పిల్లలు అరుస్తున్నారు. లేచి వాళ్ళను ఊరుకోమందామనిపించింది, మళ్ళీ ఎందుకులే అనుకున్నాను. తోసిన కూలీల చేతులు, సలీం వాళ్ళమ్మ రొట్టెలు, ఆ కాపరి తువాలు గుర్తొచ్చాయి. రెండు రోజుల్లో ఇంతమంది సాయం తీసుకున్నాను, ఒక్కరికీ సరిగ్గా ఏమీ తిరిగి ఇవ్వలేదు. ఇంటిని లాగింది జీపే గానీ, నడిపింది వీళ్ళంతా.

ఆమె లేచి వచ్చి ముఖం కడుక్కుంది.

"పరిగాయనకు ఫోన్ చెయ్యి" అంది.

ఫోన్ తీసి నంబరు వెతికాను.

"రావద్దని చెప్పు."

మళ్ళీ నలభై మీదే అనంతగిరి ఎక్కాం. పైన చాయ్ దుకాణం దగ్గర ఆపాను. చాయ్ పోసే ఆయన బండి చుట్టూ తిరిగి చూసి, వెనకది ఏంటని అడిగాడు. ఇక ఆగలేకపోయాను. కాళ్ళు చాపే జాగా లేక మా ఆవిడ ఎలా రానన్నదీ, నేను ఆలోచించి ఆలోచించి క్యారియర్ ఎలా వేయించిందీ, సామానంతా వెనక్కి పోయేసరికి ఆమె ఎలా దారికొచ్చిందీ అంతా చెప్పాను. చెప్తూ ఆ క్యారియర్‌ను చేత్తో రెండు దెబ్బలు వేశాను కూడా.

నర్సమ్మ గ్లాసు కింద పెట్టి అతనితో అంది:

"జాగ లేక రానన్ననా నేను? గీయన నడుపుడుకు పాణం అరచేతుల పట్టుకొని కూసోలేక రానన్న. ఇయ్యాల మెల్లగ నడిపిండు, వచ్చిన. రేపు మల్ల జోరుగ నడిపితె దిగిపోత. గా క్యారియర్ సంగతి నాకేమెరుక."