కాలీపా అపా నిండు గిన్నె

కాలీపా అపాకు ఉన్న జబ్బు ఒక్కటే. కనిపించిన మనిషినల్లా పనిలోంచి తీసేస్తుంది. తన కింద పనిచేసేవాళ్ళని తీసేసిందంటే ఒక అర్థముంది. ఆమె కరెంటు మీటరు చూడటానికి వచ్చినతన్ని తీసేసింది. ఎలకల మందు పెట్టడానికి వచ్చినతన్ని మందు పెట్టకముందే తీసేసింది. బిష్కెక్‌లో దర్దోయ్ బజారుకు దగ్గరగా, ఒక నేలమాళిగలో మా కుట్టుపని నడిచేది. అక్కడ మా మీద పెత్తనం ఆమెదే, అపా అంటే మా వైపు అమ్మ వరస పెద్దావిడ. ఆ మాళిగ మెట్లు దిగిన ప్రాణి ఏదీ ఉద్యోగంతో తిరిగి పైకెక్కలేదని బజారంతా చెప్పుకునేవారు.

ఇంత పనికీ ఆమె నోరు మెదిపేది కాదు. చాయ్ పోసేది, అంతే. మా కిర్గిజ్ ఇళ్ళలో గిన్నెలో చాయ్ సగమే పోస్తారు. సగం పోస్తే కూర్చో, మళ్ళీ పోస్తాను అని. అంచుదాకా పోస్తే ఇది తాగి లేచి వెళ్ళు అని. ఉయ్యాల్లో బిడ్డకి కూడా తెలిసిన మర్యాద ఇది. పగవాడి ముందైనా నిండు గిన్నె పెట్టడానికి మనిషన్నవాడు వెనకాడతాడు. కాలీపా అపా మాత్రం చాయ్ నీళ్ళు కాగే సమోవార్ పక్కన కూర్చుని, ఎదుటి మనిషి కళ్ళలోకి చూస్తూ, ధార ఆపకుండా, చాయ్ గిన్నె అంచు మీద బొజ్జలా ఉబికి నిలబడేదాకా పోసేది. తర్వాత రెండు చేతులతో పట్టుకొచ్చి మన మిషన్ పక్కన పెట్టి వెళ్ళిపోయేది.

నేను అక్కడికి జూన్ నెలలో వెళ్ళాను. అంతకు కొద్ది రోజుల ముందే ఆ ఏటి చదువు ముగిసిందని బడిలో ఆఖరి గంట కొట్టారు. తొమ్మిదో తరగతి ఆడపిల్లలమంతా జడలకు తెల్ల రిబ్బన్లు కట్టుకుని ఏడ్చాం. మిగతావాళ్ళు సరదాకి ఏడ్చారు, నేను నిజంగా ఏడ్చాను. వాళ్ళు పదో తరగతికి వెళ్తున్నారు. మా నాన్న తాపీపని చేస్తూ పరంజా మీంచి పడి నడుం విరిగి మంచంలో ఉన్నాడు. ఇంట్లో ఎవరో ఒకరు పనికి పోవాలి. మాస్కోలో నేల తుడిచే పని చేసే మా మేనత్త సెలవు మీద వచ్చి ఉంది. కుట్టుపని కుదిరితే సరే, కుదరకపోతే ఆగస్టు చివర్న తిరిగి వెళ్ళేటప్పుడు నన్ను వెంట తీసుకుపోవాలని పెద్దవాళ్ళు తేల్చేశారు. మా వీధిలో రొట్టెలమ్మే ఆవిడతో మాట్లాడాలన్నా ముందు మనసులో వల్లెవేసుకుని వెళ్ళేదాన్ని నేను. మాస్కో అనగానే నాకు జ్వరం వచ్చేది.

మొదటి రోజు పొద్దున్న అపా లోపలికి రాగానే లేచి నిలబడ్డాను. ఎవరూ లేవలేదు. నేను కూర్చోవడం మరిచిపోయాను. కాసేపటికి బయటికి వెళ్ళాల్సొచ్చి చెయ్యెత్తాను. మిషన్లన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. అపా నా చేతిని చూసి, తర్వాత పైకప్పు చూసింది.

"ఆ చెయ్యెందుకు లేచింది? కప్పు కూలుతోందా?" అని నన్ను కాదు, ఎదురు మిషన్ మీదున్న సాల్కిన్‌ని అడిగింది.

"బడి నించి వచ్చిందపా. ఇంకా దిగలేదు," అంది సాల్కిన్.

అందరూ నవ్వారు. నేను ఆ నవ్వుల్లో తల వంచుకుని కుట్టడం మొదలుపెట్టాను. మధ్యాహ్నమయ్యేసరికి ఒక గౌను పూర్తి చేశాను. దానికి రెండు చేతులూ ఎడమచేతులే. అపా ఆ గౌనును ఎత్తి పట్టుకుని అటూ ఇటూ తిప్పి, సమోవార్ దగ్గరికి వెళ్ళింది. తిరిగొచ్చి నా ముందు నిండు గిన్నె పెట్టింది.

బడిలో కూడా ఒక తరగతి తప్పడానికి ఏడాది పడుతుంది. ఇక్కడ ఒక పూట చాలింది. కళ్ళనీళ్ళు గిన్నెలో పడితే చాయ్ పొర్లిపోతుందేమోనని మొహం పక్కకు తిప్పుకున్నాను. ఆపైన గిన్నెను ఎత్తబోయాను.

"తాగకు," అంది సాల్కిన్, పెదవులు కదపకుండా. "తాగితేనే కదా వెళ్ళాల్సింది. నాకు చేరిన రోజున పోసింది. నాలుగేళ్ళయింది, ఇంకా తాగలేదు."

మెట్ల మీద బూట్ల చప్పుడు వినపడుతుంటే చూశాను చుట్టూ. ఇంకో రెండు మిషన్ల పక్కన కూడా నిండు గిన్నెలున్నాయి. ఆ మనుషులు వాటికి మోచెయ్యి తగలకుండా ఒద్దికగా కుట్టుకుంటున్నారు. సాయంత్రం ఇళ్ళకు వెళ్ళేవేళ అపా ప్రతి మిషన్ దగ్గరికీ వచ్చి, దేవుడిచ్చింది పారబోస్తే పాపం అని సణుగుతూ, ఆ చల్లారిన చాయ్ అంతా తనే తాగేసింది. మా ఉద్యోగాలన్నీ రోజూ అలా ఆమె కడుపులోకి చేరేవి. పొద్దున్న మేం మళ్ళీ మామూలుగా వచ్చేవాళ్ళం. తప్పులు ఎక్కువైన రోజుల్లో పాపం, అంత చాయ్ తాగినందుకు ఆమె ఇంటికి వెళ్ళే దారిలో రెండు చోట్ల తెలిసినవాళ్ళ తలుపు తట్టి లోపలికి వెళ్ళి రావాల్సొచ్చేదట.

ఆ పద్ధతిని బద్దలుకొట్టింది చోల్పోన్ ఒక్కతే. నాకంటే నెల వెనక, మండుటెండలో కొండ ఊరి నించి బస్సు దిగి తిన్నగా వచ్చింది. వచ్చీ రాగానే ఒక కాలరు పాడుచేసింది. అపా నిండు గిన్నె పెట్టింది. చోల్పోన్ దాన్ని గటగటా తాగేసి ఖాళీ గిన్నె చాపి, "ఇంకాస్త పొయ్యండపా, చాలా దప్పికగా ఉంది," అంది.

అపా చెయ్యి గాల్లో ఆగిపోయింది. అంచుదాకా పోసిన చాయ్ తాగిన మనిషిని ఆమె అంతకుముందు చూసి ఉండదు. మళ్ళీ అంచుదాకా పోసింది. చోల్పోన్ మళ్ళీ తాగింది. చివరికి సమోవార్ ఖాళీ అయింది కానీ చోల్పోన్ దాహం తీరలేదు. "దీన్ని తీసెయ్యడం నా ఒక్కదాని వల్ల కాదు, నీళ్ళ లారీ పిలిపించండి," అని అపా కూలబడింది. చోల్పోన్ పని అలా ఖాయమైంది.

మా యజమాని ఎసెన్‌బెక్ బైకేను కూడా అపా ఒకసారి తీసేసింది. బైకే అంటే మా వైపు అన్న. ఆయన ఒక శనివారం వచ్చి, ఆదివారాలు కూడా పనికి రావాలన్నాడు. అపా మర్యాదగా కూర్చోమని, ఎదురుగా నిండు గిన్నె పెట్టింది. ఆయన సొంత మాళిగలో, ఆయన కొన్న చాయ్‌పత్తితో కాచిన చాయ్. ఆయన మొహం కందగడ్డలా అయింది. అపా ఆయన అమ్మకు నేస్తం, చిన్నప్పుడు ఆయన ముక్కు తుడిచిన మనిషి. ఆమెకు ఎదురుచెప్పడం ఆయన పెంపకంలో లేదు. తాగకుండా లేచి వెళ్ళిపోయాడు. ఆదివారం మాట మళ్ళీ ఎత్తలేదు.

అపా ముందు అలా ఉన్నా, మా ముందు ఆయన పిడుగే. రోజూ మధ్యాహ్నం కారు దిగి, బూట్లతో ఇనప మెట్లు దడదడలాడించుకుంటూ వచ్చేవాడు. సరుకు పాడుచేసిన వాళ్ళు కనపడితే అక్కడికక్కడే పొమ్మనేవాడు. అంతటితో పోదు. చేతిలో ఫోను ఉండేది. బజారు చుట్టుపక్కల కుట్టుపని పెట్టుకున్న యజమానులందరికీ ఆ పేరు చెప్పేసేవాడు. ఆయన తీసేసిన మనిషికి ఇక ఎక్కడా సూది దొరకదు.

ఆగస్టు చివరి వారం. పండగ రోజున నాట్యం చేసే బడిపిల్లల కోసం చేతుల్లేని మఖ్మల్ కోట్లు కుడుతున్నాం. వీపు మీద పొట్టేలు కొమ్ముల అతుకు వెయ్యడం నా పని. మేనత్త సోమవారం బయల్దేరుతోంది. నేను వెళ్తున్నానో లేదో ఇంకా తేలలేదు. అందుకని ఎవరికీ వేలు చూపే అవకాశం ఇవ్వకూడదని ఎంతో శ్రద్ధగా కుట్టాను. నమూనా కోటు ఒక్కటే ఉంది, అది ఎదురుగా సాల్కిన్ బల్ల మీద పరిచి ఉంది. బడిలో పక్కపిల్ల కాగితం చూసి దించడం నాకు బాగా అలవాటు. ఎదురుగా చూసి దించడం ఎవరూ నేర్పలేదు. సాల్కిన్‌కు నిటారుగా ఉన్నది నాకు తలకిందులు. నేను చూసింది చూసినట్టే కుట్టాను.

ఒక కోటు ఎత్తి దులుపుతూ చోల్పోన్ ఆగిపోయింది.

"ఈ పొట్టేళ్ళకేమైంది? అన్నీ నేల వాసన చూస్తున్నాయి?"

అందరూ వచ్చి చూశారు. పుట్టినప్పటినించీ కొమ్ముల బొమ్మలున్న పరుపుల మీద పడుకున్నదాన్ని నేను. మాలో ఇంత తప్పు పశువుల కాపరి కూడా చెయ్యడు. గుట్టలో ఉన్న కోట్లన్నీ అంతే. సాయంత్రానికి నాట్యం నేర్పే టీచరు వచ్చి పట్టుకెళ్ళాలి. ఇంతలో పైన కారు తలుపు వేసిన చప్పుడు వినపడింది.

నేను తలెత్తేసరికి నా ముందు నిండు గిన్నె ఉంది. ఆవిరి మొహానికి కొడుతోంది. ఈసారి తాగాల్సిందేనని రెండు చేతులతో గిన్నె పట్టుకున్నాను. అపా నా మణికట్టు మీద ఒక్కటేసింది. "కాలుతుంది, దించు."

ఎసెన్‌బెక్ బైకే వచ్చాడు. కోటు చూశాడు. ఎవరు కుట్టారని అడుగుతూనే ఫోను పైకెత్తాడు. అంతలో ఆయన చూపు నా గిన్నె మీద పడింది. ఫోను కొంచెం కిందికి దిగింది.

"ఈ పిల్లేనా?"

"ఈ పిల్లే. పంపించేశాను," అంది అపా.

"మరి ఇంకా ఇక్కడే ఉందేం?"

"చాయ్ తాగనీ నాయనా. వెళ్ళిపోయే మనిషిని చాయ్ కూడా తాగనివ్వొద్దని మీ అమ్మ నేర్పిందా?"

"సరే, తాగమనండి."

"కాలుతోంది."

ఆయన వంగి గిన్నెను వేలితో ముట్టుకుని, గబుక్కున వేలు లాక్కున్నాడు. కాలుతోందని ఒప్పుకున్నాడు. పెద్దావిడ ఒకసారి పంపించేసిన మనిషిని మళ్ళీ తను పొమ్మంటే, ఆమె మాట చాలలేదన్నట్టు అవుతుంది. అంత మర్యాద తప్పడం ఆయనకు చేతకాదు. తను తీసెయ్యని మనిషి పేరు ఫోనులో ఎవరికని చెప్తాడు? ఫోను జేబులో పెట్టుకుని పైకి వెళ్ళిపోయాడు.

చల్లారేలోగా ఊరికే కూర్చోవడం దేనికని అపా నా చేతికి కత్తెర ఇచ్చింది. నేను కుట్లు విప్పుతుంటే సాల్కిన్, చోల్పోన్ పొట్టేళ్ళ తలలు పైకెత్తి కుట్టడం మొదలుపెట్టారు. బైకే మళ్ళీ దిగి, చల్లారిందా అని అడిగాడు. మీగడ కట్టింది, మీగడ చాయ్ ఈ పిల్లకు పడదు, పొట్ట ఉబ్బుతుంది అంది అపా. టీచరు వచ్చి కోట్లు చూసి మెచ్చుకుని పట్టుకెళ్ళింది. ఆమెను సాగనంపి బైకే తిన్నగా నా బల్ల దగ్గరికే వచ్చాడు. ఈసారి నన్నే అడిగాడు.

"ఎప్పుడు తాగుతావమ్మా?"

ఆయనతో నేను అంతవరకూ ఒక్క మాట మాట్లాడలేదు. మనసులో వల్లెవేసుకునే వ్యవధి కూడా లేదు.

"పనవగానే తాగుతాను, బైకే."

ఆయన గిన్నె చూశాడు, నన్ను చూశాడు, తల గోక్కున్నాడు. "అయితే రేపటి గుడ్డ కూడా ఈ పిల్లకే ఇవ్వండపా. పోయేలోగా కాస్త పనైనా అవుతుంది," అని మెట్లెక్కాడు.

నేను విప్పిన దారపు ముక్కలు ఏరుకుంటూ కూర్చున్నాను. గౌను చేతుల రోజు గుర్తొచ్చింది. ఆ రోజు కూడా గిన్నె వచ్చాకే బూట్ల చప్పుడు వినపడింది. ఆ తర్వాత చూసిన ప్రతి గిన్నె వెనకా ఆ చప్పుడుంది. బైకే అల్మాటీ వెళ్ళిన వారంలో చోల్పోన్ ఒక తానంతా అడ్డంగా కోసిపారేసింది. అయినా మా అందరికీ సగం గిన్నెలే. ఇదంతా నా కళ్ళ ముందే జరిగింది. చూడటం తప్ప ఇంకేమీ రాని నాకే కనపడలేదు.

సాల్కిన్‌ని గుసగుసగా అడిగాను. తనకు నాలుగేళ్ళుగా తెలుసట.

"మరి నాకు చెప్పలేదేం?"

"చెప్తే నువ్వు ఏడవ్వు. నువ్వు ఏడవకపోతే బైకే నమ్మడు."

"మీటరతను ఏం చేశాడు?"

"మనకొక్కళ్ళకే పోస్తే అనుమానం రాదూ? ఆయన్ని మధ్యలో కలిపింది. ఎలకలతను కూడా అంతే, పాపం."

అపా గిన్నెలు తీసుకోవడానికి వచ్చింది. నేను లేచి నిలబడ్డాను, ఈసారి కావాలనే. అపా, మీరు నన్ను కాపాడటానికే కదా అని మొదలుపెట్టబోయాను. ఆమె కసిరింది.

"ఎవరిని కాపాడాను? నిజంగానే తీసేశాను. నువ్వే తాగలేదు. పెద్దవాళ్ళు పోసింది తాగే మర్యాద కూడా నేర్పని ఆ బడేం బడి?"

మీగడతో సహా ఒక్క గుక్కలో తాగి, గిన్నె చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది.

సోమవారం పొద్దున్న మా మేనత్త మాస్కో బస్సెక్కింది. ఒక్కతే. పక్కన నా సీటులో తన రొట్టెల మూట పెట్టుకుంది. బస్సు మలుపు తిరిగేదాకా చెయ్యూపి, అక్కడినించి పరుగున పనికి వచ్చేసరికి మిషన్లన్నీ అప్పటికే నడుస్తున్నాయి. అపా సమోవార్ పక్కనించి నన్ను కింది నించి పైదాకా చూసింది.

"పనిలోంచి తీసేసిన పిల్లవి, ఇంత ఆలస్యంగానా వచ్చేది?"