గళ్ల చీర పెట్టిన పరీక్ష

లింబాయత్ అనే నేతపేటలో మరమగ్గాలు నడిపే ముత్యానికి అనుమానం పుట్టుకతో వచ్చిన జబ్బు. కరోనా వచ్చాక లోకం దాన్నే తెలివి అనసాగింది. షేర్ ఆటోలో దగ్గినవాణ్ణి, పాలప్యాకెట్టును, భార్య ఎల్లవ్వ తెచ్చిన కూరగాయల్ని ఒకే చూపు చూసేవాడు. ఆ చూపంటే అతనికి కాస్త గర్వం కూడా.

అతని ఒకే ఒక సరదా కెమెరా. ఏడాదికోసారి ఎల్లవ్వతో ఏదో ఒక ఊరు తిరిగి ఫొటోలు తీసుకొచ్చేవాడు. 2021 జనవరిలో కచ్ ఉప్పు ఎడారికి బస్సు టికెట్లు దొరికాయి. మగ్గం మీద వంగి వంగి మెడ పట్టేసింది కాబట్టి మోసేది ఒకటే లెన్సు. తన పాత లెన్సు మనిషి ముఖాన్ని ముద్దుగా చూపిస్తుంది గాని, ఎంత వెనక్కి నడిచినా ఎడారిని పట్టలేదు. జూమ్ లెన్సయితే రెండు పనులూ చేస్తుంది.

అది ఉమాకాంత్ దగ్గర ఉంది. ఇరవై ఏళ్ల స్నేహం వాళ్లది. పర్వత్ పాటియాలో ఉమాకాంత్‌కు ఫొటో స్టూడియో, పెళ్లిళ్లకు జనం లేక పని మూలబడింది.

"గిప్పుడు నాకు దీంతోని ఏం పని? తీస్కపో. నీదే అనుకో," అని లెన్సును సంచిలో పెట్టి ఇచ్చాడు.

అక్కడే ముత్యం బుర్రలో పురుగు తొలిచింది. అంత మంచి వస్తువును ఊరికే ఎవడిస్తాడు? ఏదో లోపం ఉండే ఉంటుంది.

ఇంటికొచ్చి, తాను నేసిన గళ్ల చీరను గోడకు బిగించి ఫొటో తీశాడు. నేతగాడు తన బట్టలోని గీతను నమ్మినట్టు మరి దేన్నీ నమ్మడు. ఫొటోలో నిలువుగీతలు నిటారుగానే ఉన్నాయి, అడ్డగీతలు మాత్రం కుడివైపు కిందికి జారాయి. దొంగ దొరికాడనుకున్నాడు.

అప్పటికప్పుడు స్టూడియోకి పోయి, నలుగురి ముందూ నోరు పారేసుకున్నాడు. "పాడైనది నాకంటగడ్తవా? దోస్తువని నమ్మితే మోసం జేస్తవా?"

ఉమాకాంత్ చెయ్యి చాపాడు. లెన్సు అందుకొని లోపల పెట్టేశాడు.

మర్నాడు ఎల్లవ్వ ఆ చీర పక్కన నిలబడి, "నన్ను గూడ జర ఒకటి దియ్యి," అంది. ముత్యం తన పాత లెన్సుతో తీసి చూసుకున్నాడు. ఆమె వెనక అవే అడ్డగీతలు, అలాగే కుడివైపు కిందికి జారి ఉన్నాయి. చీర విప్పి నేలమీద పరిచి స్కేలు పెట్టాడు. లోపం బట్టలోనే ఉంది. మగ్గం ఒక పక్క ఎక్కువ బిగిసింది. చీరలు వంకరపోతున్నాయని మగ్గాల యజమాని సేఠ్ అన్నప్పుడల్లా, ఆ తప్పును బట్టకు రంగులద్దే పల్సానా మిల్లు మీదికి తోస్తూ వచ్చాడు తను.

ఆ సాయంత్రమే ఉమాకాంత్ ముందు నిలబడ్డాడు. "తప్పయిందిరా. నా మగ్గమే వంకర."

ఉమాకాంత్ తలాడించి లెన్సు తెచ్చాడు. ఈసారి సంచిలో పెట్టలేదు. మెత్తటి గుడ్డతో తుడిచి, లైటు కింద పట్టి, ముందద్దం, వెనకద్దం తిప్పి చూపించాడు. తలుపు అంచును ఫొటో తీసి, గీత తిన్నగా ఉందో లేదో చూడమన్నాడు.

"మంచిగ చూస్కో. రేపు మల్ల మాట రావద్దు," అన్నాడు.

స్టూడియోకి కొత్తగా వచ్చినవాళ్లతో అతను మాట్లాడే తీరు అది.