ఉప్పుచెయ్యి

వొలెండామ్ అనే చేపల రేవులో ఆల్ట్యే నలభై ఏళ్లుగా మలుగుచేపలకు ఉప్పు పట్టించి, పొగబెట్టి అమ్ముతోంది. ఆ ఊళ్లో ఇంటికో పాటగాడు. అయినా టీవీ వాళ్ల మనిషి వచ్చి, దేశమంతా చెవులప్పగించి వినే రికో వాలెంటి ఇల్లెక్కడని అడిగితే ఆమె తల అడ్డంగా ఊపింది.

"అలాంటివాడు మా ఊళ్లో లేడు నాయనా."

అతను ఫోన్‌లో పాట వినిపించాడు. పల్లవి సగంలోనే ఆల్ట్యే పడీ పడీ నవ్వింది.

"వీడా? మా ఏడుపుగొట్టు. బళ్లో వేసిన రోజు రేవంతా వినపడేలా ఏడ్చాడు. గొంతుందని అప్పుడే అనుకున్నా. అదిగో, ఆ ఆకుపచ్చ తలుపు. ఏడుపుగొట్టూ అని పిలువు, రికో అంటే వాళ్లమ్మ తలుపు తియ్యదు."

అతనూ నవ్వి, ముందు ఆమెనే కెమెరాలో పట్టాడు. పేరడిగితే "ఆల్ట్యే వేర్మన్" అంది. అతను రాసుకోబోతుంటే చటుక్కున చెయ్యి పట్టుకుంది.

"ఆగాగు. ఈ ఊళ్లో ఆల్ట్యే వేర్మన్‌లు పదిహేడుమందున్నారు. టీవీలో కనబడింది మేమేనని అందరూ ఊరేగుతారు. ఊరంతా నన్ను పిలిచేది ఉప్పుచెయ్యి అనే, అదే వెయ్యి. వాడి పేరు ఒక్క ఏడుపుతో వచ్చింది, నా పేరుకు నలభై ఏళ్లు పట్టింది."