జాలీకి దొరకని వెంట్రుక

బాబుకి నాలుగో నెల వచ్చేసరికి నా జుట్టు రాలడం మొదలైంది. రాలడం అన్నది మర్యాదకి వాడిన మాట. దువ్వెన పెడితే దువ్వెనతో, తువ్వాలు చుడితే తువ్వాలుతో, ఎవరు పిలిస్తే వాళ్ళతో వెళ్ళిపోయేది. కాన్పు తర్వాత ఇది మామూలేనని, కొన్నాళ్ళకి దానంతటదే ఆగుతుందని డాక్టరమ్మ ముందే చెప్పింది. మామూలు సంగతులు ఇంత భయపెడతాయని మాత్రం చెప్పలేదు.

మేముండేది హిందీ, బెంగాలీ కలిసి వినిపించే రైల్వే ఊళ్ళో, మలంచా అనే పేటలో, కింది వాటా. ఇల్లు కట్టినవాడు బాత్రూమ్ వాలు తూము వైపు కాకుండా తలుపు వైపు పెట్టాడు. ఎందుకో ఆయనకే తెలియాలి. మా అత్తగారు రోజూ పొద్దున్నే అక్కడ కాళ్ళు చాపుకుని కూర్చుని, మనవణ్ణి కాళ్ళ మీద పడుకోబెట్టి, నూనె రాసి, సున్నిపిండితో నలిచి నీళ్ళు పోసేది. నా జుట్టు, ఆవిడ నూనె, సున్నిపిండి తూములో కలిస్తే తయారయ్యే పదార్థంతో రైల్వేవాళ్ళు వంతెన కట్టుకోవచ్చు.

అందుకని తూము బాధ్యత నేనే తీసుకున్నాను. స్టీలు జాలీ కొని బిగించాను. తలంటు అయిన వెంటనే జాలీ ఎత్తి, చిక్కిన జుట్టంతా కాగితంలో చుట్టి చెత్తబుట్టలో వేసేదాన్ని. సాయంత్రం సబ్బుపొడి కలిపిన వేడినీళ్ళు ఒక బకెట్ కుమ్మరించేదాన్ని. అప్పటికీ నీళ్ళు నిలబడితే, విరిగిన గొడుగు పుల్ల కొస వంచి చేసిన కొక్కెం ఉండనే ఉంది. డిగ్రీలో బోటనీ చదివాను. వేళ్ళ గురించి నేర్చుకున్నదంతా తూము దగ్గర అక్కరకొచ్చింది.

"తలదువ్వుకోడానికి పది నిమిషాలు, తూముకి గంటా!" అనేది అత్తగారు. "ఇల్లంతా ఎంటికలే. అన్నంలో ఎంటిక, పక్కలో ఎంటిక. సూసుకోవేటే?"

నాకూ ఆవిడ మీద ఒక ఫిర్యాదు ఉంది. బాబు రెండు చీలమండలకీ దిష్టికని నల్లతాళ్ళు కట్టింది. బిగువుగా ఉన్నాయని నేను, తన వేలు దూరుతోందని ఆవిడ. ఆ వేలు ఆవిడ చిటికెన వేలని నేను. ఇలా మా ఇంట్లో శాంతి నెలకొని ఉండేది.

ఆ మధ్యాహ్నం వాన కురుస్తోంది. మా ఆయన ఇండస్ట్రియల్ పార్కులో షిఫ్టుకి వెళ్ళాడు. బాత్రూమ్‌లో చీలమండల దాకా నీళ్ళు నిలిచాయి. మోకాళ్ళ మీద కూర్చుని గొడుగు పుల్లతో ఎలక లాంటిదొకటి బయటికి లాగాను. నీళ్ళు గుడగుడమంటూ దిగిపోయాయి. చెప్పుకోదగ్గ విజయమే. చెప్పుకోవడానికి బయటికి వచ్చేసరికి బాబు ఏడుస్తున్నాడు.

ఆకలి ఏడుపు కాదు. పాలు పట్టబోతే మొహం తిప్పేసుకున్నాడు. ఎత్తుకున్నా, తిప్పినా, కడుపు మీద ఇంగువ రాసినా ఆగలేదు.

"దిష్టే. నిన్న ఆ మేడ మీద దీదీ గోలూ గోలూ అని బుగ్గలు పిండినాది, నాను సూసినాను కదా," అంటూ అత్తగారు గుప్పెట్లో ఉప్పు, ఎండుమిరపకాయలు పట్టుకొచ్చి తిప్పింది. మిరపకాయలు పొయ్యిలో పడ్డాయి. మా ఇద్దరికీ దగ్గు వచ్చింది. వాడి ఏడుపు పెరిగింది.

బట్టల్లో చీమ దూరిందేమోనని వాడి బట్టలన్నీ విప్పాను. చివరికి సాక్సులు తీశాను. ఎడమ కాలి బొటనవేలి పక్క వేలు ఉబ్బి, నేరేడుపండు రంగులో ఉంది.

"అత్తా! ఈ తాడు! సెప్పినానా బిగుసుకుపోతాదని!"

ఆవిడ జవాబు కోసం ఆగలేదు. కూరల కత్తెర తెచ్చి నల్లతాడు కత్తిరించేశాను. ఎవరికీ గాయం కాలేదు, అత్తగారికి తప్ప. ఆవిడ తెగిన తాడు ఏరి కొంగున ముడేసుకుంది. అంతకంటే తిట్టి ఉంటే బాగుండేది.

తాడు తెగినా వాడు ఏడుస్తూనే ఉన్నాడు. వేలు ఇంకా నల్లబడుతున్నట్టు అనిపించింది. అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని, ఆ కాలిని కిటికీ వెలుగులోకి పట్టుకుంది. చాలాసేపు చూసింది.

"తాడు కాదే ఇది," అంది నెమ్మదిగా. "ఎంటిక."

వేలి మొదట్లో గీత పడి ఉంది. ఆ గీత లోపల, వాచిన చర్మం కింద, నల్లగా సన్నగా నా వెంట్రుక. సాక్సూ నా తువ్వాలూ ఒకే బకెట్లో ఉతికాను. తూముకి జాలీ పెట్టాను, బకెట్‌కి పెట్టలేదు. గోటితో లాగబోతే గోరు ఆనలేదు. వాడు కెవ్వుమన్నాడు.

"ఒగ్గేయ్! తెగి లోపలుండిపోతాది. ఆస్పత్రికి పద."

మా ఆయనకి ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎత్తలేదు. ఫ్యాక్టరీ లోపల ఫోన్లు ఉండవు, గేటు దగ్గరే పెట్టించేస్తారు. వానలో టోటో, అదే బ్యాటరీ రిక్షా, దొరకడమే గొప్ప. "దాదా, జల్దీ!" అన్నాను. "దీదీ, గాడీ హై, హెలికాప్టర్ నహీ," అన్నాడతను. మామూలప్పుడైతే ఆ మాట నేనే అనేదాన్ని. గోతుల్లో నీళ్ళు నిండి ఏది రోడ్డో తెలియడం లేదు. అత్తగారు ఒక చేత్తో టోటో కడ్డీ, ఇంకో చేత్తో నా మోచెయ్యి పట్టుకుని కూర్చుంది. ఇద్దరం రోడ్డు చూడలేదు, వేలే చూస్తున్నాం.

ఆసుపత్రిలో పిల్లల డాక్టరమ్మ భూతద్దం పెట్టి చూసింది. "మా కా బాల్ హై," అంది, తల్లి వెంట్రుకలు రోజూ చూసేవే అన్నట్టు. నర్సు దీదీ పాదం పట్టుకుంది, నేను తల పట్టుకున్నాను, బాబుదే. కత్తెర కొస లోపలికి వెళుతుంటే నా కళ్ళు గోడ మీద క్యాలెండర్ చదివాయి. ఏ నెలదో ఇప్పటికీ చెప్పలేను. వెంట్రుక చుట్టుచుట్టుగా వచ్చింది. అంతా వచ్చినట్టే ఉందంది. లోపల మిగిలి ఉంటే గనక వేలికి రక్తం తిరిగి పారదని, అప్పుడు సర్జన్ దగ్గరికి పంపాల్సి ఉంటుందని చెప్పింది. బయట కూర్చుని చూస్తూ ఉండమంది.

బయట బెంచీ మీద కూర్చుని చూశాం. అంత చిన్న వేలిని అంతసేపు ఎవరూ చూసి ఉండరు. ఊదా రంగు తగ్గిందని నేను, లేదని ఆవిడ. కాసేపటికి తగ్గిందని ఆవిడ, లేదని నేను. బాబు ఏడ్చి ఏడ్చి నిద్రపోయాడు. అది అలసటో, నొప్పి తగ్గడమో తెలియక ఇంకా భయం వేసింది. వంగినప్పుడల్లా వాడి దుప్పటి మీద నా వెంట్రుకలు రాలుతున్నాయి. అత్తగారు ఒక్కొక్కటే ఏరుతోంది.

డాక్టరమ్మ మళ్ళీ వచ్చి వేలు నొక్కింది. తెల్లబడింది. వదిలింది. మెల్లగా, బద్ధకంగా, ఎర్రదనం తిరిగొచ్చింది.

"ఠీక్ హై," అంది.

నేనప్పుడు కొంచెం ఏడ్చాను. వాన వల్ల ఎలాగూ మొహం తడిగానే ఉంది.

అంతలో ఫోన్ మోగింది. మా ఆయన. టీ విరామంలో గేటు దగ్గరికొచ్చి, వరసగా అన్ని కాల్స్ చూసి హడలిపోయినట్టున్నాడు. ఎలా చెప్పాలా అని నేను గొంతు సవరించుకునేలోపే అత్తగారు ఫోన్ లాక్కుంది.

"ఏటీ లేదురా, కంగారు పడకు. సాక్సులో దారం గుంటడి ఏలికి సుట్టుకున్నాది. తీయించేసినాం. అవును, దారమే. ఆ సవక సాక్సులు కొన్నది నువ్వే కదా! సర్లే, షిఫ్టయినాక రా."

ఫోన్ నా చేతిలో పెట్టేసి, నా తల వైపు చూసింది.

"ఇలా తిరుగు," అంది. "గట్టిగా ముడి ఏస్తాను."