నైనా గేర్ల సైకిలు

మా చిన్నప్పుడు సాయంత్రం బడి నుంచి రాగానే తెల్ల యూనిఫాం చొక్కా విప్పనిచ్చేది కాదు అమ్మ... "అట్లనే పో పాపా, నైనాను పిలుచుకోని రా" అంటూ నా చిన్న సైకిలు గడప దింపేది.

నైనా అంటే నాన్న. పుదుచ్చేరిలో తరాలుగా ఉన్న మా తెలుగు ఇళ్ళలో అలాగే పిలుస్తాం. ఆయన మేట్టుపాళయంలో ప్లాస్టిక్ బిందెలు చేసే కంపెనీలో మెషిన్ మీద పని చేసేవాడు. కదిర్కామంలోని మా ఇంటి నుంచి రోజూ సైకిలు మీదే వెళ్ళేవాడు.

మామూలు సైకిలు కాదది... లావు టైర్లు, తిన్నటి హ్యాండిలు, గేర్లు. ఊరు వదిలి వెళ్తున్న ఫ్రెంచి దొర ఒకాయన మా మామకిస్తే, మామ నైనాకిచ్చాడు. దాన్ని మౌంటెన్ బైక్ అంటారని అప్పుడు మాకు తెలియదు. మా ఊళ్ళో కొండ ఎక్కడుంది! మాకది గేర్ల సైకిలు, అంతే.

అప్పటికే నైనాకు పొద్దుగూకితే చూపు ఆనేది కాదు. కంపెనీలో ఎవరికీ చెప్పలేదు. చెబితే మెషిన్ మీద ఉండనివ్వరు కదా... అందుకే నేను గేటు దాకా వెళ్ళి, తిరిగొచ్చేటప్పుడు ఆయన ముందు తొక్కేదాన్ని. నా తెల్ల చొక్కా చూసుకుంటూ ఆయన వెనకాల వచ్చేవాడు.

దారిలో పెద్దగా మాట్లాడుకునేవాళ్ళం కాదు. గుంట వస్తే "గుంట నైనా" అనేదాన్ని. ఆవు అడ్డమొస్తే "ఆవు". వెనక నుంచి "సరి" అని వినబడేది... ఆ మాట రాకపోతే ఆగి వెనక్కి చూసేదాన్ని.

ఐప్పసి నెలలో, అంటే దీపావళి రోజుల్లో, మాకిక్కడ వానలు జోరుగా పడతాయి. అలాంటి ఒక సాయంత్రం వీధుల్లో కరెంటు పోయింది. ఎదురుగా లారీ వచ్చింది. దాని లైట్ల వెలుగులో నా చొక్కా ఆయనకు కనబడకుండా పోయింది. వెనక ఏదో చప్పుడు... తిరిగి చూస్తే రోడ్డు మీద నైనా లేడు. పక్క కాలువలోంచి, ఒక చేత్తో ఇంకో చెయ్యి పట్టుకుని లేస్తున్నాడు.

"నీకేం కాలేదు గదా పాపా? యాడుండావు?" అన్నాడు.

నేను ఆయనకు కుడివైపు నిలబడి ఉన్నాను. ఆయన ఎడమవైపు చీకట్లోకి చూస్తూ అడుగుతున్నాడు...

మణికట్టు విరిగింది. కట్టు కట్టిన ఆసుపత్రిలోనే కళ్ళు కూడా చూశారు. ఇది రేచీకటితో ఆగదు, మెల్లగా పగటి చూపూ పోతుంది, మందు లేదు అన్నారు. కంపెనీ పని అంతటితో పోయింది. అమ్మ వాకిట్లో ఇడ్లీ అంగడి పెట్టింది. సైకిలు మేడమెట్ల కిందికి చేరింది. నేను పదో తరగతికి వచ్చేసరికి నైనా నా మొహాన్ని చేత్తో తడిమి చూసుకునేవాడు.

ఏళ్ళు గడిచాయి. అమ్మ పోయింది. ఇంట్లో నేనూ నైనా మిగిలాం. పోయిన ఏడు పాత సామానువాడు వస్తే, ఇచ్చేద్దామని ఆ సైకిలు బయటికి లాగాను. చక్రం కిర్రుమనగానే లోపలి నుంచి నైనా గొంతు...

"అది ఇయ్యొద్దు పాపా. నువ్వు తొక్కరాదా?"

సోలై నగర్ వైపు పాత సైకిళ్ళు బాగుచేసే మెకానిక్ ఉన్నాడంటే ఆటోలో వేసుకుని వెళ్ళాను. టైర్లు పట్టుకుంటే పొడిపొడిగా రాలాయి. చైను తుప్పు ముద్ద. సీటు కింది గొట్టం ఫ్రేములోనే బిగుసుకుపోయింది. నైనా పొడుగుకు పెట్టిన సీటది, నా కాళ్ళు అందవు. రోజూ నూనె పోసి నానబెడితే గానీ కిందికి దిగలేదు. కొత్త టైర్లు, చైను, బ్రేకు తీగలు వేయించాను. రోజూ ఆఫీసుకు తొక్కాలి కదా... మడ్‌గార్డులు, లైటు, ముందొక బుట్ట కూడా.

గేర్ల పళ్ళచక్రాలు మాత్రం ఇంటికి తెచ్చాను. నైనా వాటిని కిరోసిన్‌లో ముంచి, పాత బ్రష్షుతో ఒక్కో పన్నూ తోమాడు. తోముతూ ఈల వేశాడు... అమ్మ పోయాక ఆయన ఈల వినడం అదే మొదలు.

సైకిలు ఇంటికొచ్చిన ఆదివారం "ఒక్కసారి ఎక్కతా" అన్నాడు. సందులో ఎవరూ లేరు. నేను హ్యాండిలు పట్టుకున్నాను. ఎక్కి తొక్కడం మొదలుపెట్టాడు.

"ఇడ్సు పాపా."

వదిలాను. పక్కనే పరిగెత్తాను. కొంచెం దూరం తిన్నగానే వెళ్ళాడు... ఉన్నట్టుండి రెండు బ్రేకులూ నొక్కి, కాళ్ళు నేలకానించి నిలబడిపోయాడు.

"ఏంది నైనా?"

"ముందర ఏముండాదో తెలీలా... చాలు. ఇంక నువ్వే తొక్కు."

తరవాత ఆయన సైకిలు ఊసెత్తలేదు. ఈల కూడా లేదు. బాగుచేయించి ఆయనకేదో తిరిగి ఇస్తున్నాననుకున్నాను... ఏం పోయిందో మళ్ళీ గుర్తుచేసినట్టయింది.

నేను రోజూ దాని మీదే ఆఫీసుకు వెళ్తున్నాను. బ్రేకులు బాగున్నాయి, గేర్లు సాఫీగా మారుతున్నాయి. ఒకప్పుడు షిఫ్టు వదిలితే రోడ్డు పొడుగునా సైకిలు బెల్లులే... ఇప్పుడు మోటారు బళ్ళ, కార్ల మధ్య చాలాసార్లు సైకిలు నాదొక్కటే.

నైనాకు చూపున్నప్పుడు కూడా తెలుగు మాట్లాడడమే గానీ చదవడం రాదు. అందుకని ఇది ఇక్కడ పెట్టేముందు ఆయనకు చదివి వినిపించాను. అంతా విన్నాడు.

"సైకిలు ఏ రంగో రాయలేదే నువ్వు? నీలం గదా... మంచి నీలం" అన్నాడు.

ఆ సైకిలు ఎర్రది. ఎప్పుడూ ఎర్రదే. ఒక్కసారి కూడా రంగు మార్పించలేదు.

"అవును నైనా, మర్చిపోయినా" అన్నాను.

మీ నాన్నల సైకిళ్ళు ఏ రంగువి? గుర్తుంటే కింద రాయండి... నైనాకు చదివి వినిపిస్తాను.