నాయన కట్టిన కోళ్ళగూడు

సర్జాపుర రోడ్డులో ఒక అంగడి ముందు రంగు వేసిన కోళ్ళగూడు కనబడింది. కొత్త ఇనుప వల వాసనకు ఆగిపోయాను.

నా ఎనిమిదో ఏట, బొమ్మనహళ్ళిలో మా పెరటికి ఇలాంటిదే కొనమని ఏడ్చాను. బళేపేటలో ధర అడిగొచ్చిన నాయన, "కొనే దుడ్డులో సగానికే కట్టేయొచ్చు తల్లీ" అన్నాడు. గార్మెంట్స్ ఫ్యాక్టరీ పారేసిన చెక్కపెట్టెలు విప్పి, వంగిన మేకులు రాతి మీద సాపు చేసి, ముందు వైపు ఇనుప వల కొట్టి, రెండు ఆదివారాలు కష్టపడ్డాడు. వేలు చితికినా నవ్వాడు.

గూట్లో వదిలిన నాలుగో రోజు తెల్లారేసరికి నా ఆరు కోడిపిల్లల్లో ఒక్కటీ మిగల్లేదు. వల సందుల్లోంచి పంజా పెట్టి పిల్లి లాగేసింది.

"కొనింటే బతికుండేవి నాయనా! దుడ్డుకు చూసి చంపేసినావు!" అని అరిచాను.

ఆయన ఆ గూడును తనే విప్పి పొయ్యిలో పెట్టాడు. మళ్ళీ ఎప్పుడూ ఆయన సుత్తి పట్టగా నేను చూడలేదు.

ఇప్పుడు వంగి, ఆ రంగు గూటి వలలో వేళ్ళు పెట్టాను. మూడు వేళ్ళు సులువుగా దూరాయి.

"కోడిపిల్లలకైతే లోపల సన్న వల మీరే కొట్టుకోవాల మేడమ్. కొన్నదైనా అంతే" అన్నాడు అంగడాయన.

ఆ మాట నేను నాయనకు చెప్పాలి. ఆయన పోయి మూడేళ్ళయింది.