ఏ పన్నో తేలలేదు

మా టీచరు గారు పోయారు. మంగళవారం పొద్దున్న రైల్వే వర్క్‌షాపు సైరన్ మోగిన కాసేపటికి ఆవిడ కోడలు మా గోడ మీద అరచేత్తో కొట్టింది. ఖరగ్‌పూర్‌లో పూరీ గేటు దగ్గర మా రెండిళ్ళకూ మధ్య ఒకటే గోడ. కరివేపాకు అడగాలన్నా, కరెంటు మీకూ పోయిందా అని అడగాలన్నా ఆ గోడే కొడతాం. ఆ రోజు కొట్టిన తీరులోనే నాకు తెలిసిపోయింది. నేను వెళ్ళేసరికి కోడలు గుమ్మంలో నిలబడి ఉంది.

"అయిపోనాది పిన్నీ. పాలు కలిపి తెచ్చినాను, ఇంతలోకే అయిపోనాది" అంది.

పాలగ్లాసు ఇంకా చేతిలోనే ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు పట్టుకుని ఉంది. అందుకోవాలని నాకూ తోచలేదు.

డాక్టరు కాగితం మీద గుండె ఆగిందని రాశారు. ఆవిడ వయసుకి అది అబద్ధమేమీ కాదు. కానీ ఆవిడ తిండి మానేసి కొన్ని వారాలైంది. మానేసింది పంటి నొప్పి వల్ల. ఏ పన్ను నొప్పో ఆవిడ చెప్పలేకపోయారు, మేము కనుక్కోలేకపోయాం. పన్ను ఎక్కడ మొదలై ఎలా పెరుగుతుందో ఈ ఊరి తెలుగు పిల్లలకి తరాల తరబడి నేర్పిన మనిషి ఆవిడ. ఆవిడ శిష్యులు ఫోన్లు చేసి "ఏమైందండీ, ఏం జబ్బు?" అని అడుగుతున్నారు. పంటి నొప్పి అని చెబితే, "పంటి నొప్పా?" అని మళ్ళీ అడుగుతున్నారు.

మీలో ఆవిడ దగ్గర చదవనివారి కోసం కొంచెం చెబుతాను. ఆవిడ శ్రీకాకుళం వైపు నుంచి కోడలిగా ఖరగ్‌పూర్ వచ్చారు. భర్త వర్క్‌షాపులో ఫిట్టరు. ఆవిడ తెలుగు మీడియం బడిలో సైన్సు టీచరు. మొదట్లో ఆవిడకి దొరికిన పిల్లల్లో నేనొకదాన్ని. తరవాత నేను రైల్వే అకౌంట్సు ఆఫీసులో చేరాను, పెళ్ళయింది, ఆవిడ పక్కింట్లోకే కోడలిగా వచ్చాను. అప్పటి నుంచీ పక్కపక్కనే ఉన్నాం. పక్కింటావిడ అయ్యాక కూడా ఆవిడని వేరే వరసతో పిలవడానికి నాకు నోరు రాలేదు. టీచరు గారనే అన్నాను.

పళ్ళ పాఠం రోజున ఆవిడ క్లాసులోకి వస్తూనే అనే మాట ఒకటుంది. "పుస్తకాలు మూయండి. నోళ్ళు కూడా మూయండి. ఇప్పుడు నాలుకతో నడవండి."

మేము నోరు మూసుకుని నాలుకని పళ్ళ మీద నడిపించేవాళ్ళం. ముందర ఉలి అంచులా తగిలేవి కుంతకాలు. పక్కన మొన తేలి తగిలేది రదనిక. దాని వెనక మెట్టులా ఉండేవి అగ్రచర్వణకాలు, ఆ వెనక తిరగలి రాయిలా గరుకుగా ఉండేవి చర్వణకాలు. ముందు నాలుకకి తెలియాలి, ఆ తరవాతే పేరు. బొమ్మ గీయడం అన్నిటికన్నా చివర. బొమ్మలో పైన కనిపించే భాగం కిరీటం, చిగుళ్ళ దగ్గర మెడ, లోపల దవడలో దిగి ఉండేది వేరు. "మీకు కనపడేది పంటిలో సగం కూడా కాదు" అనేవారు.

ఒకసారి వెనక బెంచీలోంచి ఒకడు లేచాడు. "టీచరు గారూ, నాకు రదనిక లేదండి."

"ఏం, ఎక్కడికి పోయింది?"

"నిన్న ఊడిపోనాదండి. కప్పు మీదకి ఇసిరేసినాను."

"ఏ కప్పు?"

"క్వార్టరు కప్పండి."

"సర్లే, అది రైల్వే వారి ఆస్తి అయిపోయింది. రాబోయేది నీది. దాన్నైనా చూసుకో."

మన పిల్లలు ఊడిన పళ్ళు కప్పు మీదకి విసిరేవారు. బెంగాలీ పిల్లలు ఎలక కన్నంలో వేసేవారు. ఆవిడ ఇద్దరినీ బతిమాలి కొన్ని పోగుచేశారు. ఖాళీ హోమియోపతి సీసాల్లో దూది వేసి పెట్టేవారు. ఆ పాలపన్ను ఒకటి మా చేతికిచ్చి, "వేరేదీ?" అని అడిగేవారు. నిజమే, ఊడిన పాలపంటికి వేరు ఉండదు. విరిగిపోయిందేమో అనుకునేవాళ్ళం. విరగలేదు. కింద నుంచి కొత్త పన్ను వస్తుంటే పాత పంటి వేరు కొద్దికొద్దిగా కరిగిపోతుంది. "దాన్ని ఎవరూ తోసెయ్యలేదు. వచ్చేదానికి చోటిచ్చింది" అని చెప్పి ఆ పన్ను మళ్ళీ దూదిలో పడుకోబెట్టేవారు.

నేను కడుపుతో ఉన్నప్పుడు రోజూ గోడ కొట్టి "ఏం తిన్నావు?" అని అడిగేవారు. ఒకరోజు విసుగొచ్చి, "పిల్ల పుట్టాక కదండీ పళ్ళు, ఇప్పటి నుంచీ ఎందుకు?" అన్నాను.

"బయటికి రావడం అప్పుడు. మొదలవడం ఇప్పుడే. ఈపాటికి పాలపళ్ళ మొగ్గలన్నీ లోపల వరసగా కూర్చుని ఉంటాయి" అన్నారు.

ఆ రోజు వాకిట్లో కూర్చుని ఆవిడ చెప్పింది నాకు ఇప్పటికీ మాటమాటా గుర్తుంది. పంటి పైన ఉండే పింగాణి పొర కొంచెం కొంచెంగా, వరసలు వరసలుగా పేరుకుంటుందట. బిడ్డ పుట్టిన సమయానికి ఆ వరసల్లో సన్నటి గీత ఒకటి పడుతుందట. పాలపళ్ళని కోసి భూతద్దాల కింద పెడితే, ఇది తల్లి కడుపులో కట్టింది, ఇది బయటికి వచ్చాక కట్టింది అని తెలిసిపోతుందట. పింగాణి కట్టే కణాలు పన్ను బయటికి వచ్చాక ఇక ఉండవు. అందుకే ఎముక విరిగితే అతుక్కుంటుంది కానీ పంటి పైపొర పోతే మళ్ళీ రాదు. "కట్టినవాళ్ళు పనైపోగానే వెళ్ళిపోయారు. బాగుచెయ్యమని ఇంక ఎవరిని పిలుస్తావు?" అన్నారు.

అప్పుడు పుట్టిన మా అమ్మాయికి ఆరేళ్ళప్పుడు దవడ చివర కొత్త పన్ను వచ్చింది, ఏడాది తిరక్కుండానే దానికి నల్లటి చుక్క పడింది. మా అత్తగారు తేలిగ్గా కొట్టిపారేశారు. "ఏ పన్నూ ఊడకుండా వొచ్చినాది. మొదటిసారి వొచ్చినాది పాలపన్ను కాక మరేటి? అదే ఊడతాది. దానికి డాక్టరేటి?"

ఈ పొరపాటు మా ఒక్క ఇంట్లోదే కాదు. ఊడిన చోటే కొత్తది వస్తుందని అందరూ అనుకుంటారు. టీచరు గారు గోడ అవతల నుంచి విని, చెయ్యి కడుక్కుని వచ్చారు.

"ఆరేళ్ళకి వెనకాల వొచ్చే పన్ను ఒకటుందండి, పెద్దమ్మ గారూ. అది ఎవరి చోట్లోకీ రాదు, దాని చోట్లోకి ఎవరూ రారు. పోతే పోయినట్టే."

"మా ఊళ్ళో అలాటి పన్ను లేదమ్మా."

"మీ నోట్లోనే ఉండి ఉంటాది."

"నా నోట్లో ఏటీ లేదు, అన్నీ ఎప్పుడో ఊడిపోనాయి" అని అత్తగారు చిగుళ్ళు చూపించారు. ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వు అయ్యేలోపు టీచరు గారు పిల్లని రిక్షా ఎక్కించి, ఇందా అనే పేటలో ఉన్న పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి పన్నుకి సిమెంటు పెట్టించుకొచ్చారు. ఆ పిల్ల ఇప్పుడు ఒక బిడ్డ తల్లి. ఆ పన్ను ఇంకా గట్టిగా ఉంది.

కొన్నేళ్ళుగా ఆవిడకి మతిమరుపు ముదిరింది. అది ముదిరిన వరస నేను దగ్గరుండి చూశాను. మొదట బెంగాలీ పోయింది. చేపలమ్మే దీదీ గుమ్మం ముందు నిలబడి పలకరిస్తే నవ్వి ఊరుకునేవారు. తరవాత హిందీ పోయింది. ఆ తరవాత, క్లాసులో మాట్లాడిన పుస్తకం తెలుగు కూడా పోయి, చిన్నప్పటి ఊరి మాట మిగిలింది. కొడుకుని "బాబూ, మీదే ఊరు?" అని అడిగేవారు. అతను రోజూ చెప్పేవాడు. నన్ను మటుకు ఇంకా బడిపిల్ల అనే అనుకునేవారు. "ఏటే గుంటా, బడికెల్లనేదేటి?" అనేవారు. ఎల్తానండి అనేదాన్ని.

దుర్గాపూజ సెలవులు అయ్యాక తిండి దగ్గర పేచీ మొదలైంది. చెంచా పెదవికి తగలగానే నోరు బిగించేవారు. కళ్ళమ్మట నీళ్ళు కారేవి.

"పంటి నొప్పే పిన్నీ" అంది కోడలు. "గంజి సల్లారబెట్టి ఇచ్చినా ఊసేత్తన్నారు. ఏ పక్కని అడిగితే నా మొకం సూత్తారు. నానేటి సేసేది?"

ఇందా పేట నుంచి పళ్ళ డాక్టరు వచ్చాడు. బెంగాలీ కుర్రవాడు, మర్యాదస్తుడు, టార్చి పట్టుకుని మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "దిదిమా, ఏక్‌టు హా కొరున్" అని, నోరు తెరవమని ఎంతో మెల్లగా అడిగాడు. నేను తెలుగులో అడిగాను. కొడుకు అడిగాడు. ఆవిడ పెదవులు లోపలికి మడుచుకుని గోడ వైపు తిరిగారు. డాక్టరు టార్చి ఆర్పేశాడు.

"మాషీమా, ఏ పన్నో తెలిస్తే చాలు, ఇక్కడే ఏదో ఒకటి చేస్తాను" అన్నాడు నాతో హిందీలో. "మత్తిచ్చి వెతకడానికి ఈ గుండె తట్టుకోదు. నొప్పికి చుక్కలు ఇస్తాను. తేనెలో కలిపి ఇవ్వండి."

మళ్ళీ వచ్చాడు, డబ్బు పుచ్చుకోలేదు. అతన్ని నేను ఏమీ అనలేను.

మాకు తోచినవన్నీ చేశాం. వెచ్చటి గుడ్డ ఒక బుగ్గకీ, తరవాత రెండో బుగ్గకీ అద్ది ఏ వైపు ఉలిక్కిపడతారో చూశాం. రెండు వైపులా ఉలిక్కిపడ్డారు. "నాలుకతో నడవండి టీచరు గారూ, ఎక్కడ నొప్పుంటే అక్కడ ఆగండి" అన్నాను. నా వంక జాలిగా చూశారు. ఒకరోజు మా మనవరాలి పలక తెచ్చి పై దవడ, కింది దవడ గీశాను. వెనకపళ్ళకి వేర్లు కూడా పెట్టాను. పలక చేతికివ్వగానే ఆవిడ కళ్ళు మారాయి. సుద్దముక్క నా చేతిలోంచి తీసుకుని, నేను పై చర్వణకానికి రెండు వేర్లే గీస్తే మూడోది చేర్చారు. కింది వాటి జోలికి పోలేదు, వాటికి రెండే సరి. గీత ఎక్కడా తప్పలేదు.

"మరి మీది ఏ పన్నండీ?" అని అడిగాను.

ఆవిడ పలక ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు. అన్ని పళ్ళూ ఆవిడకి తెలుసు. ఆ నొప్పి ఆ పళ్ళలో ఒకదానిదని మాత్రం ఆవిడకి తెలియదు. నేను జీవితమంతా పైసా తేడా వస్తే లెక్కల పుస్తకాలు మొదటి నుంచి తిరగేసిన మనిషిని. ఇక్కడ ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో నాకు అంతు చిక్కలేదు.

ఆదివారం మధ్యాహ్నం, అంటే పోవడానికి రెండు రోజుల ముందు, కోడల్ని కాసేపు పడుకోమని చెప్పి నేను గంజి పట్టుకుని కూర్చున్నాను. ఒక్క చెంచా కూడా వెళ్ళలేదు. గంజి మీద మీగడ కట్టింది. గిన్నె పక్కన పెట్టి, ఏమీ తోచక, బుగ్గన చెయ్యి పెట్టుకుని ఆవిడ ఎదురుగా అలా ఉండిపోయాను.

టీచరు గారు నన్ను చూశారు. చాలాసేపు చూశారు. తరవాత దిండు మీద నుంచి కొంచెం ముందుకు వంగి, నా చెయ్యి బుగ్గ మీద నుంచి తీసేసి, తన చెయ్యి పెట్టారు. ఆ చేతిలో బరువే లేదు.

"ఏటే గుంటా, పన్ను నొప్పెడతందేటి?" అన్నారు.

అవునన్నట్టు తల ఊపాను.

"ఏదీ, ఆఁ అను."

అని, నాకు చూపించడానికి తన నోరు పెద్దగా తెరిచారు. అన్ని వారాలు మేమంతా కలిసి తెరిపించలేని నోరు. కిటికీ ఆవిడ వెనక ఉంది. వెలుతురంతా నా మొహం మీద పడుతోంది, ఆవిడ నోరు నీడలో ఉంది. పళ్ళ అంచులు కనిపిస్తున్నాయి, లోపల ఏమీ తెలియడం లేదు. కొంచెం పక్కకి జరిగి చూడబోయాను. ఆవిడ నా గడ్డం పట్టుకుని ఆపారు.

"కదలకే" అన్నారు. "నాను సూత్తన్నాను కదా."

అని మళ్ళీ నోరు తెరిచారు. నేనూ తెరిచాను. ఆవిడ నా పళ్ళని ఒక్కొక్కటే, ఈ చివర నుంచి ఆ చివరకి, తొందర లేకుండా చూస్తూ ఉండిపోయారు.